ఒక్క కిలోమీటరు లోపల

ఆ రోజు కార్యక్రమమంతా ముందురోజే కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. ఎనిమిదింటికి కాఫీలు, ఎనిమిదిన్నరకి స్నానాలు, తొమ్మిదింటికి బీరువాలోంచి ఆకుపచ్చ ఫైలు తీయడం, పదింబావుకి ఇల్లాలు బడికి బయల్దేరడం, పదకొండుకి ఇంటర్వ్యూ. రాసింది ఇంటాయనే. గుండ్రటి అక్షరాలతో, గంటల కింద గీతలతో ఎంతో ముచ్చటగా ఉంది. ఎనిమిదీ అయిదుకి బీరువా తాళంచెవి విరగడం అనే అంశం మాత్రం అందులో ఎక్కడా లేదు.

విరగ్గొట్టింది కూడా ఇంటాయనే. తొమ్మిదింటిదాకా ఆగడం దేనికి, ఇప్పుడే తీసి పెట్టేస్తే ఒక పనైపోతుంది కదా అనుకున్నాడు. తాళంచెవి పెట్టి తిప్పాడు. తిరగలేదు. కొంచెం బలం పెట్టాడు. తిరగలేదు. తలుపుకి మోకాలు ఆనించి, పళ్లు బిగించి, ఉన్న బలమంతా పెట్టాడు. ఈసారి తిరిగింది, కానీ తిరిగింది తాళంచెవి ఒక్కటే. సగం అతని చేతికి వచ్చింది, సగం తాళంలోనే ఉండిపోయింది.

"ఏంటా చప్పుడు?" అంది భార్య వంటింట్లోంచి.

"ఏం లేదు" అన్నాడు అతను. ఈ దేశాన ఏ మొగుడూ ఏమీ జరగనప్పుడు ఆ మాట అనడు కనక, ఆమె గరిటె చేత్తోనే వచ్చేసింది.

ఇతన్ని ఆఫీసులో అందరూ కిలోమీటరు అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. పనివాళ్లను ఫోనులో వెతికిపెట్టే కంపెనీ అది. కుళాయి కారినా, ఫ్యాను ఆగినా ఫోను తెరిచి, ఎంత దూరంలోపు మనిషి కావాలో అడిగే గీత మీద చుక్కని జరిపితే చాలు, ఆ దూరంలో ఉన్నవాళ్లు వరసగా కనిపిస్తారు. ఆ చుక్క సరిగ్గా జరుగుతోందా, గీత దాటి అవతలివాడెవడైనా లోపలికి దూరిపోతున్నాడా అని పొద్దస్తమానం కనిపెట్టి ఉండటం ఇతని ఉద్యోగం. ఏడేళ్లుగా అదే పని కావడంతో అది కాస్తా ఒంటికి పట్టేసింది. మంగలి షాపు మొదలుకొని పళ్ల డాక్టరు దాకా ఏది వెతికినా చుక్క ఒక్క కిలోమీటరు దగ్గరే ఉండాలి. ఆఫీసుకి ఆరు వందల మీటర్లే కదా అని ఈ మేడ మీది వాటా అద్దెకి తీసుకున్నాడు. కిలోమీటరు లోపల బతికేవాడికి బండి దేనికని స్కూటరు అమ్మేశాడు.

భార్య లెక్కల టీచరు. మూడేళ్ల కిందట ఆమె పనిచేసే బడి మూతపడింది. అప్పట్నుంచీ ఆమెకి ఉద్యోగం వెతికే బాధ్యత కూడా ఇతనే నెత్తిన వేసుకున్నాడు, మరి వెతకడంలో అనుభవం ఉన్నవాడాయె. చుక్క మాత్రం కిలోమీటరు దాటలేదు. మూడేళ్లలో ఆ హద్దు లోపల దొరికిన ఉద్యోగాలు రెండు. ఒకటి, కుక్కలకి శిక్షణ ఇవ్వడం. రెండోది ఇవాళ్టిది: ఎనిమిది వందల మీటర్ల దూరంలో ఉన్న బడిలో, ఎనిమిదో తరగతికి లెక్కల టీచరు. ఆ బడి పంపిన ఉత్తరంలో ఒక వాక్యం కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. "అసలు సర్టిఫికెట్లు వెంట తీసుకురాని అభ్యర్థులను పరిశీలించబోము." ఆ అసలు సర్టిఫికెట్లన్నీ ఆకుపచ్చ ఫైల్లో, ఆ ఫైలు బీరువాలో, ఆ బీరువా తాళంలో సగం తాళంచెవి.

భార్య అరవలేదు. అది చూసి అతనికి ఇంకా భయం వేసింది. ఆమె గరిటె బల్ల మీద పెట్టి, గోడ గడియారం వంక చూసి, "డిపో మలుపులో తాళాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. ఆటోలో వెళ్లి ఆయన్ని ఎక్కించుకుని వచ్చేస్తా. తొమ్మిదికల్లా ఇక్కడుంటాం" అంది.

"డిపో మలుపా! మూడు కిలోమీటర్లు!" అన్నాడు కిలోమీటరు, ఆమె సముద్రం ఈదుతానన్నట్టు. "నువ్వు కూర్చో. నిదానంగా తయారవ్వు. నేను చేసే ఉద్యోగమేంటి మరి? పది నిమిషాల్లో మనిషి మన గుమ్మంలో ఉంటాడు."

"ఏవండీ, ఇవాళ ఒక్కరోజుకి నా మాట వినండి."

"అయిపోయింది, చూడు!" అని ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు. తాళాలు తీసేవాడు, నాలుగు వందల మీటర్ల దూరంలో, ఖాళీగా ఉన్నాడు. ఆమె ఇంకో మాట అనేలోపే బుక్ చేసేశాడు కూడా. భార్య ఫోను వంకా, అతని వంకా చూసి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గదిలోకి వెళ్లిపోయింది. నాలుగు వందల మీటర్ల దూరంలో మనిషి ఉండగా మూడు కిలోమీటర్లు ఎందుకు పోవాలో ఆమెకీ తోచలేదు పాపం.

ఫోనులో చిన్న బండి బొమ్మ కదిలింది. ఒక సందు తిరిగింది, ఇంకో సందు తిరిగింది, ఇంటి బొమ్మ పక్కన ఆగింది. "మీ పనివారు చేరుకున్నారు" అని అక్షరాలు వచ్చాయి. కిలోమీటరు వెళ్లి గుమ్మం తలుపు తీశాడు. గుమ్మంలో ఎవరూ లేరు. మెట్ల మీద లేరు. గేటు బయట పాలపాకెట్ల ట్రే ఒకటి ఉంది. ఫోను చేశాడు, మోగలేదు. మేడ ఎక్కి వచ్చి బాల్కనీలోంచి చూశాడు. మళ్లీ దిగాడు. వీధి చివరిదాకా నడిచి అటూ ఇటూ చూశాడు. ఎవరో స్కూటరు మీద పోతుంటే ఆపి "తాళాలు మీరేనా?" అని అడిగాడు. ఆయన తన జేబు తడుముకుని, తాళాలు భద్రంగా ఉన్నాయని నిర్ధారించుకుని వెళ్లిపోయాడు.

ఎనిమిదీ నలభై అయింది. కిలోమీటరు కాలుగాలిన పిల్లిలా వీధిలో నాలుగుసార్లు తిరిగాడు. ఎందుకైనా మంచిదని రెండో మనిషిని కూడా బుక్ చేశాడు. ఈసారి తాళాలవాణ్ణి కాదు, ఇనుము కోసేవాణ్ణి. ఏడు వందల మీటర్లు. "అర్జంటు" అన్నచోట నొక్కాడు, "సిలిండరుతో సహా రావలెను" అని కింద రాశాడు. అప్పుడు వచ్చింది మొదటివాడి నుంచి ఫోను.

"సార్, వచ్చి పావుగంటైంది సార్. గేటు ముందే ఉన్నా."

"ఏ గేటు? నేనూ గేటు ముందే ఉన్నాగా!" అని చుట్టూ చూశాడు కిలోమీటరు. చూస్తే అతనున్నది వీధి చివర, గేటు ముందు కాదు. ఓహో, నేనిటు రాగానే వాడటు వచ్చాడన్నమాట అని తనే సమాధానం చెప్పుకున్నాడు. "సరే సరే, నా కోసం ఆగకు. మేడ మీదికి వెళ్లిపో. పడగ్గదిలో ఇనప బీరువా ఉంటుంది, తలుపు తెరువు. నేను వచ్చేస్తున్నా."

"పైన ఎవరో పెద్దావిడ నిలబడి చూస్తున్నారు సార్. ఎవరు నువ్వు అని అడుగుతున్నారు."

"మా అత్తగారు. పట్టించుకోకు."

"ఎవర్నీ లోపలికి రానివ్వనంటున్నారు సార్."

"అంటుంది. ఆవిడ పుట్టిందే అడ్డం చెప్పడానికి. ఏ మంచిపనికైనా ముందు వద్దనే అంటుంది. నువ్వు వినబడనట్టు పక్కనించి వెళ్లిపో!" అంటూ మెట్ల దగ్గరికి పరుగెత్తుకు వచ్చాడు.

మెట్ల మీద అత్తగారు నిలబడి ఉంది. ఆరేసిన బట్టలు డాబా మీంచి తీసుకుని, బకెట్టుతో దిగుతోంది. తన పుట్టుక గురించి అల్లుడు చెప్పిన మాట పూర్తిగా, స్పష్టంగా విన్నది. బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నా గురించేనా బాబూ?"

"అబ్బే... ఎవరో... ఇంకో అత్తగారండీ" అన్నాడు కిలోమీటరు. అతనికి ఉన్నది ఒక్క అత్తగారే. ఆవిడ ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లి, హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆవిడ మౌనంగా మడతపెడితే ఆ ఇంట్లో ఎవరికీ మంచిది కాదు. ఆ సంగతి ఆలోచించే తీరిక అల్లుడికి లేదు. అత్తగారు ఇక్కడ మెట్ల మీద ఉంటే అక్కడ అడ్డం పడుతున్న పెద్దావిడ ఎవరన్న ప్రశ్న కూడా అతని బుర్రలోకి రాలేదు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఫోను కుయ్యిమంది.

"తెరిచేశాను సార్!"

"తెరిచాడు!" అని కేక పెట్టి, రెండేసి మెట్లు ఎక్కి, హాలు దాటి, పడగ్గదిలోకి దూకాడు కిలోమీటరు. "తెరిచాడోయ్! చూశావా? ముప్పావుగంట కూడా పట్టలేదు!"

గదిలో భార్య తల తుడుచుకుంటూ బీరువా ముందు నిలబడి ఉంది. బీరువా మూసే ఉంది. తాళంలో సగం తాళంచెవి ఎక్కడిదక్కడే ఉంది.

"ఎక్కడ తెరిచాడండీ?" అంది భార్య.

కిలోమీటరు బీరువా వంక చూశాడు. ఫోను వంక చూశాడు. మళ్లీ బీరువా వంక చూసి, ఫోనులో చాలా నెమ్మదిగా అడిగాడు: "బాబూ, లోపల ఆకుపచ్చ ఫైలుందా?"

"ఫైలు లేదు సార్. బిస్కెట్ పాకెట్లున్నాయి. ఓ ముప్పై ఉంటాయి. చాక్లెట్లు కూడా ఉన్నాయి. అవి చూడగానే పెద్దావిడ కోపం పోయింది సార్. నాకూ ఒకటిచ్చారు. ఇంకో గదిలో ఇంకో బీరువా ఉందట, అదీ తీసిపొమ్మంటున్నారు."

కిలోమీటరు మంచం మీద కూలబడ్డాడు. ఇలా ఎందుకయిందో అతనికి వెంటనే తెలిసిపోయింది. ఇలాంటి తప్పు లోకంలో ఇంకెవరూ చెయ్యలేరు. ఆ ఉద్యోగం చేసేవాళ్లే చెయ్యగలరు.

ముందురోజు మేనేజరు అతన్ని పిలిచి, "మా ఇంటి దగ్గర కిలోమీటరు లోపల ఒక్క పనివాడూ కనబడడం లేదయ్యా, సంగతేంటో చూడు" అన్నాడు. అలాంటప్పుడు ఇతను అక్కడికి వెళ్లడు. తన ఫోను చేతే అబద్ధం ఆడిస్తాడు. ఇక్కడ కుర్చీలో కూర్చుని, నేను ఫలానావారి ఇంట్లో ఉన్నాను అని ఫోనుకి నచ్చజెప్పి, అక్కణ్నించి వెతికినట్టు వెతుకుతాడు. నిన్న అలాగే మేనేజరుగారింట్లో ఉన్నట్టు నమ్మించాడు. ఇతనికి బోలెడుమంది పనివాళ్లు కనిపించారు. "లోపం కనబడలేదు" అని రాసి పడేసి ఇంటికి వచ్చాడు. అతను వచ్చాడు కానీ ఫోను రాలేదు. అది ఇంకా మేనేజరుగారింట్లోనే ఉన్నాననుకుంటోంది. నాలుగు వందల మీటర్లు కొలిచింది అక్కణ్నించి. ఆ ఇల్లు ఇక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు.

"అంటే," అంది భార్య అంతా విని, "నా ఫైలు కోసం మీరు మీ మేనేజరు బీరువా తీయించారు."

"ఆయనది కాదు. వాళ్లమ్మగారిది. ఆవిడకి షుగరని ఆయనే ఆఫీసులో చెబుతుంటాడు. ఆయన బిస్కెట్లన్నీ దాచి తాళం వేసి..." అంటుండగా ఫోను మోగింది. మేనేజరు.

"ఏమయ్యా, నువ్వు మా ఇంటికి ఎవడినైనా పంపావా? మా గేటు దగ్గర ఎవడో సిలిండరు దింపి, గొట్టం తగిలించి, ఇనుము ఎక్కడుంది అని అడుగుతున్నాడట! బయట గేటు తప్ప ఇనుము లేదని మావాళ్లు చెబితే, సరే గేటే కోస్తానంటున్నాడట! అర్జంటని రాసి ఉందట! రాసింది నువ్వట!"

కిలోమీటరుకి రెండోవాడు అప్పుడు జ్ఞాపకం వచ్చాడు. నిలబడి, మేనేజరు ఎదురుగా ఉన్నట్టే చేతులు కట్టుకుని, అంతా చెప్పాడు.

"అయితే," అన్నాడు మేనేజరు, గొంతు మారిపోయి, "పావుగంటలో ఇద్దరు వచ్చారన్నమాట. మరి నేను వెతికితే ఒక్కడూ కనబడడేం?"

"తాళాలతను చెప్పాడు సార్. మీ పేరు మీద పిలుపొస్తే ఆ చుట్టుపక్కల ఎవరూ ఒప్పుకోరట. అమ్మగారు పని చేసినంతసేపూ పక్కన నిలబడి తిడతారట. మీరు పిలిస్తే రాబోమని ఫోనులో రాసిపెట్టుకున్నారట, అందుకే మీకు కనబడరు."

తాళాలతను అలా చెప్పిన మాట నిజానికి లేదు. కిలోమీటరు ఊహించి చెప్పాడు. అయినా మేనేజరు కాదనలేదు. "రేపు ఆఫీసులో మాట్లాడదాం" అని పెట్టేశాడు. ఆ మాటలో మంచి ఉందో చెడు ఉందో ఆలోచించడానికి టైము లేదు. తొమ్మిదిన్నర కావస్తోంది.

కిలోమీటరు ఫోనుకి బుద్ధి చెప్పి ఇంటికి తీసుకొచ్చాడు. మళ్లీ వెతికాడు. ఒక్క కిలోమీటరు: ఎవరూ లేరు. ఊపిరి బిగబట్టి చుక్కని రెండుకి జరిపాడు: ఎవరూ లేరు. మూడు: ఒకే ఒక్కడు. డిపో మలుపు. తాళాలు బాగుచేసే ముసలాయన. పేరు పక్కన ఎర్రగా, "మరో పనిలో ఉన్నారు, పన్నెండు తర్వాత" అని ఉంది.

"ఎనిమిదింబావుకి ఖాళీగా ఉండుంటాడు" అంది భార్య. ఆమె గొంతులో కోపం లేదు. అలిసిపోయిన గొంతు అది.

అక్కణ్నుంచి ముప్పావుగంట సేపు కిలోమీటరు చెయ్యని పని లేదు. జడపిన్ను పెట్టి చూశాడు. పట్టకారుతో తాళంచెవి ముక్క పట్టుకోబోతే అది ఇంకా లోపలికి పోయింది. స్క్రూడ్రైవరు దూర్చి సుత్తితో కొట్టాడు. బీరువాకి సొట్ట పడింది, తలుపు రాలేదు. బీరువాని పక్కకి వంచితే ఫైలు సందులోంచి జారుతుందేమోనని వంచబోయి, అది మీద పడబోతే మంచం మీదికి దూకాడు. హాల్లో అత్తగారు మడతపెట్టిన బట్టలే మళ్లీ విప్పి మడతపెడుతోంది. ఆ సుత్తి దెబ్బ ఒక్కొక్కటీ విని, ఏదో అనబోయి, పెదవులు బిగించేసుకుంటోంది.

పదీ పదికి భార్య చెప్పులు వేసుకుంది.

"ఫైలు లేకుండా ఎలా వెళ్తావ్? పరిశీలించబోమని రాశారుగా, కింద రెండు గీతలు కూడా..."

"పరిశీలించకపోతే తిరిగి వస్తా. వెళ్లకుండా ఇక్కడ కూర్చుని మీ సుత్తి దెబ్బలు వింటే ఏమొస్తుంది?" అని గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఏవండీ, ఒక్కటి చెబుతా. తాళంచెవి విరిగినందుకు నాకు బాధ లేదు. ఎవరి చేతిలోనైనా విరుగుతుంది. ఈ మూడేళ్లలో ఎప్పుడైనా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నా కోసం ఆ చుక్కని పక్కకి జరిపారా? రెండు కిలోమీటర్లలో ఎన్ని బళ్లున్నాయో నాకు తెలుసు. పదకొండు. నేను నడిచి లెక్కపెట్టాను. దగ్గరైతే నీకే సుఖం అని మీరంటే, కాబోలు అనుకున్నా."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది. కిలోమీటరుకి మెట్ల మీదే కూర్చుండిపోవాలనిపించింది. కూర్చున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. పొద్దుటి నుంచీ నలభైసార్లు ఎక్కి దిగిన మెట్లవి. ఇప్పుడు లేచే ఓపిక కూడా లేదు. పదకొండు బళ్లని ఆమె ఎప్పుడు నడిచి లెక్కపెట్టిందో అతనికి తెలియదు. అతను ఆఫీసులో, ఎవరో గీత దాటి లోపలికి వస్తున్నారేమోనని కాపలా కాస్తున్నప్పుడు అయ్యుంటుంది.

"బాబూ" అంది వెనక నుంచి అత్తగారు. "నేను అడ్డం చెప్పే మనిషిని కనక పొద్దుట్నించీ నోరు మూసుకుని కూర్చున్నా. ఇప్పుడు చెప్పమంటావా, వద్దా?"

"చెప్పండి అత్తయ్యగారూ. తిట్టినా పడతా."

"తిట్టడానికి కాదు. మన కింది వాటాలో ఉన్నాయన ఏం పని చేస్తాడో తెలుసా నీకు?"

"కింది వాటాలో ఎవరున్నారు?"

అత్తగారు అతని వంక జాలిగా చూసింది. "రెండేళ్లుగా ఉంటున్నాడయ్యా. ఇనప బీరువాలు చేసే కంపెనీలో తాళాలు బిగించే ఫిట్టరు. ఇవాళ సెలవు కూడాను. పొద్దున్న నువ్వు ఫోను పట్టుకుని వీధిలో పరుగెడుతుంటే, గేటు దగ్గర మొక్కలకి నీళ్లు పోస్తూ నిన్నే చూశాడు. పాపం, ఏం పోగొట్టుకున్నారండీ అని నన్ను అడిగాడు కూడా."

కిలోమీటరు మెట్లు ఎలా దిగాడో అతనికే తెలియదు. కింది వాటా తలుపు మీద రెండు చేతులతో కొట్టాడు. ఫిట్టరు స్నానంలో ఉన్నాడు. పది నిమిషాలు. వచ్చాక పనిముట్ల సంచీ అటక మీద ఉందన్నాడు. ఇంకో పది నిమిషాలు. పైకి వచ్చి, బీరువాకి పడ్డ సొట్టలు చూసి, "దీన్ని ఎవరు కొట్టారండీ?" అని బాధపడ్డాడు. పసిపిల్లని కొట్టినట్టే బాధపడ్డాడు. తర్వాత సన్నని కొక్కెం ఒకటి తీసి తాళంలోకి పెట్టి, చెవి దగ్గరగా ఆనించి, రెండుసార్లు అటూ ఇటూ కదిపాడు. ముక్క బయటికి వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఈ మొత్తానికీ రెండు నిమిషాలు పట్టింది. "ఫోనులో మీరు కనబడరేంటండీ?" అని అడక్కుండా ఉండలేకపోయాడు కిలోమీటరు. "నేనెందుకు కనబడతానండీ, కింద ఉంటాగా" అన్నాడు ఫిట్టరు.

పదకొండుకి ఆరు నిమిషాలు తక్కువ. కిలోమీటరు ఆకుపచ్చ ఫైలు గుండెలకి హత్తుకుని పరుగు తీశాడు. ఎనిమిది వందల మీటర్లు. ఆరు నిమిషాల్లో పోవచ్చు. రెండు సందులు దాటేసరికి ఎదురుగా గోడ వచ్చింది. మూతపడ్డ మిల్లు గోడ. గోడకి అవతల బడి మేడా, మేడ మీద జెండా కర్రా చక్కగా కనబడుతున్నాయి. దారి మాత్రం లేదు. కాకి అయితే ఎనిమిది వందల మీటర్లే. మనిషి మాత్రం మిల్లు చుట్టూ తిరిగి రావాలి, రెండున్నర కిలోమీటర్లు. ఏడేళ్లుగా జనానికి అతను చూపిస్తున్నది కాకి దూరమే. దాన్ని కాళ్లతో కొలవడం ఇదే మొదటిసారి. గోడ పక్కన పరుగెత్తాడు, నడిచాడు, మళ్లీ పరుగెత్తాడు. దారిలో ఒక బడి కనిపించింది, ఇంకొంచెం దూరంలో ఇంకో బడి. లెక్కపెట్టకుండా ఉండటానికి ప్రయత్నించాడు. చేతకాలేదు. మిల్లు గోడ అయ్యేసరికి నాలుగు.

బడికి చేరేసరికి పదకొండున్నర. ఇంటర్వ్యూ గది ఖాళీగా ఉంది. "అందరూ ఎనిమిదో తరగతికి వెళ్లారండి" అన్నాడు బంట్రోతు. "అసలు కాగితాలు లేవని చెప్పిన ఆవిడ ఒకరున్నారు. మా పెద్ద మేడమ్‌గారు, కాగితాల సంగతి తర్వాత, రెండు నెలలుగా ఆ తరగతిలో ఏ టీచరూ నిలవడం లేదు, ముందు మీరు అరగంట నిలబడి చూపించండి అన్నారు."

వరండా చివరి గదిలోంచి నవ్వులు వినబడుతున్నాయి. కిలోమీటరు కిటికీ దగ్గర నక్కి చూశాడు. బోర్డు మీద పెద్ద సున్నా గీసి ఉంది, దాని మధ్యలో ఒక చుక్క. వెనక బెంచీలో పెద్ద మేడమ్ కూర్చుని ఉంది. సుద్దముక్క చేత్తో నిలబడ్డ తన భార్యని అతను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. మూడేళ్లుగా ఆమె అలా నిలబడగా అతను చూడలేదు.

"...ఆ పెద్దమనిషికి ఒక్క కిలోమీటరు దాటితే కాళ్లాడవు. అందుకని కిలోమీటరు వ్యాసార్ధంతో వృత్తం గీసి, ఇందులో ఉన్నవాడే నాకు కావాలన్నాడు. గీసిన వృత్తం గుండ్రంగా ఉందా, లేదా?"

"ఉంది టీచర్!"

"వ్యాసార్ధం తప్పా?"

"కాదు టీచర్!"

"తాళాలతను వృత్తం లోపలే ఉన్నాడా?"

"ఉన్నాడు టీచర్!"

"మరి బీరువా ఎందుకు తెరుచుకోలేదు?"

తరగతి ఒక్క క్షణం ఆలోచించింది. చివరి బెంచీలోంచి ఒక పిల్ల లేచి నిలబడి అరిచింది: "ఆయన కేంద్రం ఇంకోళ్లింట్లో పెట్టాడు టీచర్!"

గది గొల్లుమంది. పెద్ద మేడమ్ కూడా నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుంది. టీచరు నవ్వలేదు. "అదే. కేంద్రం ఎక్కడ ఉండాలో ముందు చూసుకోవాలి. అవసరం ఎవరిదో వాళ్ల దగ్గర ఉండాలి కేంద్రం. అది తప్పు పెట్టుకుని, వృత్తం ఎంత శ్రద్ధగా గీసినా ఏం లాభం?"

కిలోమీటరు ఇక నక్కి ఉండలేకపోయాడు. ఉద్యోగం ఆ ఫైలు మీద ఆధారపడి ఉంది. చెమట కారుతూ, చొక్కా ఒక పక్క ఊడిపోయి, ఫైలు ముందుకి చాపి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎవరండీ మీరు?" అంది పెద్ద మేడమ్.

అతను భార్య వంక చూశాడు. బోర్డు మీది చుక్క వంక చూశాడు. ఇప్పుడు అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

"ఆ కేంద్రం పెట్టింది నేనేనండీ" అన్నాడు.

ఆ తర్వాత అయిదు నిమిషాలు ఎనిమిదో తరగతిని ఎవరూ ఆపలేకపోయారు. చివరికి టీచరు చెయ్యెత్తితే ఆగింది. రెండు నెలల్లో ఆ తరగతి ఒక టీచరు చెయ్యెత్తితే ఆగడం అదే మొదటిసారని పెద్ద మేడమ్ తర్వాత చెప్పింది. ఆవిడ ఆకుపచ్చ ఫైలు తీసుకుని, పైనున్న కాగితం ఒక్కటి చూసి మూసేసింది. "సోమవారం నుంచి వచ్చేయండి టీచర్" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ మిల్లు గోడ పక్కన నడిచారు. రెండో మలుపు దగ్గర అతను, "దారిలో నాలుగు బళ్లు చూశాను" అన్నాడు. "ఇంకా ఏడున్నాయి" అంది ఆమె. కానీ ఈసారి నవ్వుతూ అంది. అతనికి అక్కడే కాళ్లు పట్టుకోవాలనిపించింది. రోడ్డు మీద బావుండదని ఫైలు పట్టుకున్నాడు.

అర్ధసంవత్సర పరీక్షల్లో కిలోమీటరు అయిదు మార్కుల ప్రశ్నగా వచ్చాడు. తరగతిలో తప్పు రాసినవాళ్లు ఒక్కరూ లేరు.